తవుడు నుంచి మందుబిళ్ళ దాకా

(ఉన్నత పాఠశాల విజ్ఞాన సంఘంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చున్నప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. కూర కలుపుకోకముందు ఒక ముద్ద ఉత్త అన్నం నోట్లో పెట్టుకుని, మింగకుండా రెండు నిమిషాలు మెల్లగా నమలండి. మొదట చప్పగా ఉన్న అన్నం క్రమంగా తియ్యగా మారుతుంది. ఆ తీపి ఎవరు కలిపారు? ఎవరూ కలపలేదు. అన్నంలోని పిండిపదార్థమే మీ నోటిలో చక్కెరగా మారుతున్నది.

ఇదే పనిని 1811లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరంలో కిర్ఖాఫ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మరొక విధంగా చేశాడు. పిండిని నీటిలో కలిపి, సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చి, గంటల తరబడి మరిగించాడు. తియ్యని పాకం వచ్చింది. పని ఒక్కటే. అక్కడ ఆమ్లమూ, మంటా కావలసివచ్చాయి. ఇక్కడ మీ నోటి వెచ్చదనమూ, కాస్త లాలాజలమూ సరిపోయాయి.

ఈ తేడాకు కారణం ఏమిటి? దీనిని కర్మాగారాలలో ఉపయోగించుకోవడానికి మనుషులు ఏమేమి చేశారు? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నూట ముప్పై ఏళ్ళకు పైగా సాగుతున్న ఆ ప్రయత్నాన్ని గురించి మీకు చెప్పదలచాను.

మన ఊళ్ళలో పెళ్ళిళ్ళ పేరయ్యలు ఉంటారు. ఇటువారినీ అటువారినీ కలిపి సంబంధం కుదుర్చుతారు. పెళ్ళి అయ్యేది వారికి కాదు. ఒక పెళ్ళి కాగానే మరొక ఇంటికి బయలుదేరుతారు. రసాయన చర్యలలో ఇటువంటి పని చేసే పదార్థాలను ఉత్ప్రేరకాలు అంటారు. అవి చర్యను వేగంగా జరిపిస్తాయి, తాము మాత్రం ఖర్చు కావు. జీవుల శరీరాలలో ఉండే ఉత్ప్రేరకాలే ఎంజైములు. మీ లాలాజలంలో పిండిని చక్కెరగా మార్చినది ఎమైలేజ్ అనే ఎంజైము.

ఎంజైములకు ఒక ప్రత్యేకత ఉంది. ఒక తాళానికి ఒకే చెవి పట్టినట్లు, ఒక ఎంజైము సాధారణంగా ఒక రకం పదార్థాన్నే పట్టుకుంటుంది. ఈ పోలికను 1894లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ చెప్పాడు. చెవి సరిగ్గా ఉంటే తలుపు వేలితో తోసినా తెరుచుకుంటుంది. చెవి లేనివాడు గునపం తెచ్చుకోవాలి. రసాయన పరిశ్రమలలో వాడే తీవ్రమైన వేడి, పీడనం, ఘాటైన ఆమ్లాలు చాలావరకు ఆ గునపం వంటివే.

మనవాళ్ళకు ఈ సంగతి పేరు తెలియకుండానే తెలుసు. పసిపిల్లలకు జావ కాచేటప్పుడు రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి చేస్తారు. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో ఎమైలేజ్ పుడుతుంది. అందుకే ఆ పిండితో కాచిన జావ పలుచగా, కొంచెం తియ్యగా ఉంటుంది. ముదురు మాంసం ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. బొప్పాయి పాలలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఉంది. వంటింటిలో ఉన్న ఈ విద్య కర్మాగారంలోకి ఎలా వెళ్ళిందో ఇప్పుడు చూద్దాం.

1890లో జోకిచి తకమినె అనే జపాను రసాయన శాస్త్రజ్ఞుడు భార్యాపిల్లలతో అమెరికా చేరాడు. ఆయన తండ్రి వైద్యుడు. తల్లి పుట్టింటివారు బియ్యంతో సారా కాచే వృత్తిలో ఉన్నవారు. జపానులో ఆ వృత్తివారు ఉడికించిన బియ్యం మీద ఒక రకం బూజును పెంచుతారు. ఆ బూజు పిండిని చక్కెరగా మారుస్తుంది. తరువాత ఆ చక్కెర పులిసి సారా అవుతుంది. అమెరికాలో విస్కీ కాచేవారు ఇదే పనికి మొలకెత్తించిన బార్లీని వాడేవారు. బార్లీ మొలకెత్తడానికి రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువ. బియ్యానికి బదులు గోధుమ తవుడు మీద బూజును పెంచితే పని త్వరగా, చౌకగా జరుగుతుందని తకమినె ఆలోచన. తవుడు అమెరికాలో పశువులకు వేసే దాణా! ఇల్లినాయ్ రాష్ట్రంలో పీయోరియా అనే పట్టణం అప్పట్లో విస్కీ బట్టీలకు పెట్టింది పేరు. అక్కడి వర్తక సంఘం ఆయనను పిలిపించింది.

పద్ధతి ఫలించింది. కాని బార్లీని మొలకెత్తించి అమ్మేవారికి అది కడుపుమీద కొట్టినట్లయింది. వ్యతిరేకత బయలుదేరింది. ఒక రాత్రి ఆయన పనిచేసే బట్టీ తగలబడిపోయింది. దానికి తోడు ఆయనకు కాలేయపు జబ్బు చేసింది. పీయోరియాలో ఆయన కన్న కల అంతటితో ముగిసింది.

అయితే తకమినె తన బూజును వదలలేదు. తవుడు మీద పెరిగిన బూజును నీటిలో నానబెట్టి, ఆ నీటికి ఆల్కహాలు చేర్చి, ఎంజైమును పొడిగా వేరుచేశాడు. 1894లో ఆ పద్ధతికి పేటెంటు పొందాడు. సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైముకు అమెరికాలో లభించిన తొలి పేటెంటుగా దీనిని చెబుతారు. డెట్రాయిట్ నగరంలోని పార్క్ డేవిస్ కంపెనీ ఆ పొడిని ‘టకాడయాస్టేజ్’ అనే పేరుతో అజీర్ణానికి మందుగా అమ్మింది. సారాబట్టీ కోసం వెదికినది మందుల దుకాణంలో దొరికింది.

ఇంతకూ ఎంజైము అంటే ఏ పదార్థం? తకమినెకూ తెలియదు, ఆ కాలంలో ఎవరికీ తెలియదు. ఈ చిక్కు విడదీసినవాడు న్యూయార్కు రాష్ట్రంలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ సమ్నర్. ఈయన పుట్టుకతో ఎడమచేతివాటం మనిషి. పదిహేడో ఏట వేటలో తుపాకి పేలి ఆ ఎడమచేయే పోయింది. కుడిచేతితో అన్ని పనులూ కొత్తగా నేర్చుకున్నాడు. హార్వర్డులో చదవడానికి వెళితే, ఒంటిచేతివాడు రసాయనశాస్త్రంలో రాణించలేడనీ, న్యాయశాస్త్రం చదువుకొమ్మనీ ఆచార్య ఫోలిన్ సలహా ఇచ్చాడు. సమ్నర్ వినలేదు. ఫోలిన్ అధిపతిగా ఉన్న ఆ శాఖలోనే తరువాతి కాలంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. భాస్వరాన్ని కొలవడానికి వారిద్దరూ 1925లో ప్రకటించిన పద్ధతి వారి పేర్లతోనే ప్రసిద్ధమైంది.

సమ్నర్ పట్టుకున్న గింజ మనకు కొత్తది కాదు. మన పెరళ్ళలో పాకే తమ్మకాయ తీగకు అది దగ్గరి చుట్టం. ఆ గింజలలో యూరియేజ్ అనే ఎంజైము పుష్కలంగా ఉంది. 1917లో పని మొదలుపెట్టాడు. తొమ్మిది సంవత్సరాలు పట్టింది. 1926లో గింజల పిండిని ఎసిటోన్ కలిపిన నీటితో కడిగి, వడకట్టి, ఆ ద్రవాన్ని ఒక రాత్రి చల్లని చోట ఉంచాడు. మరునాడు ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే చిన్న చిన్న స్ఫటికాలు కనిపించాయి. అవి మాంసకృత్తులే అని పరీక్షలలో తేలింది. అంటే ఎంజైము మాంసకృత్తే! జర్మనీలోని పెద్దలు చాలామంది నమ్మలేదు. 1930లో జాన్ నార్త్రప్ పెప్సిన్ అనే మరొక ఎంజైమును కూడా స్ఫటికంగా తీసి చూపించాక లోకం మెల్లగా ఒప్పుకున్నది. 1946లో సమ్నర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

మళ్ళీ పీయోరియాకు వద్దాం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ పట్టణానికి మరొక బూజు వచ్చింది. అది పెన్సిలిన్‌ను తయారుచేసే బూజు. అమెరికా వ్యవసాయశాఖకు అక్కడ ఒక పరిశోధనాలయం ఉంది. 1941లో ఇంగ్లండు నుంచి ఫ్లోరీ, హీట్లీ అనే శాస్త్రజ్ఞులు ఆ బూజును అక్కడికి తెచ్చారు. మొక్కజొన్నను నానబెట్టగా మిగిలిన నీటిలో బూజును పెంచితే పెన్సిలిన్ ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుందని అక్కడివారు కనుగొన్నారు. 1943లో పీయోరియా బజారులో దొరికిన ఒక బూజుపట్టిన కర్బూజాపండు నుంచి ఇంకా మంచి బూజు లభించింది.

పెన్సిలిన్ అణువులో ఒక కొమ్మను తుంచి, ఆ చోట మరొక కొమ్మను అంటుకడితే ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి కొత్త మందులు వస్తాయి. మొదట్లో ఆ కొమ్మను తుంచడానికి ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వంటి ప్రమాదకరమైన పదార్థాలను, క్లోరిన్ కలిగిన ద్రావకాలను వాడి, సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో చర్య జరిపేవారు. తరువాత పెన్సిలిన్ ఎసైలేజ్ అనే ఎంజైము ఆ పనికి వచ్చింది. అది మన ఒంటి వేడి వంటి వేడిలో, మామూలు నీటిలో, ఆ ఒక్క కొమ్మనే తుంచి పక్కన పెడుతుంది. ఎంజైమును చిన్న పూసలకు అంటించి, ఆ పూసల మీదుగా ద్రవాన్ని పారిస్తే, అదే ఎంజైమును మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

ఇంత దాకా చెప్పినవన్నీ ప్రకృతిలో సిద్ధంగా దొరికిన ఎంజైములు. కాని పరిశ్రమకు కావలసిన ప్రతి పనికీ ప్రకృతిలో ఎంజైము ఎక్కడ ఉంటుంది? మనిషి నిన్నగాక మొన్న కల్పించిన మందు అణువును ఏ బూజూ ఎన్నడూ చూసి ఉండదు కదా! ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ అనే ఇంజనీరు. 1956లో పిట్స్‌బర్గులో పుట్టారు. 1986 నుంచి కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలో పనిచేస్తున్నారు.

మన రైతు విత్తనం ఎలా ఎంచుతాడో గుర్తుచేసుకోండి. చేనంతా తిరిగి, మంచి వెన్నులను ఏరి, వాటి గింజలను దాచి, మరుసటి ఏడు అవే చల్లుతాడు. ఆ పంటలో మళ్ళీ మంచివి ఏరుతాడు. గింజ లోపల ఏమి జరిగిందో ఆయనకు తెలియనక్కరలేదు. ఏది బాగా పండిందో చూడగలిగితే చాలు. ఆర్నాల్డ్ ఎంజైముల విషయంలో ఇదే చేశారు. ఎంజైమును తయారుచేసే జన్యువులో అక్కడక్కడ యాదృచ్ఛికంగా మార్పులు కలిగించి, దానిని బాక్టీరియాలలో ప్రవేశపెట్టారు. ఒక్కొక్క బాక్టీరియా గుంపు ఒక్కొక్క రకం ఎంజైమును తయారుచేసింది. వాటిలో బాగా పనిచేసినదానిని ఏరి, దానికి మళ్ళీ మార్పులు కలిగించారు. మాంసకృత్తులను విడగొట్టే సబ్టిలిసిన్ అనే ఎంజైము నీటిలో చక్కగా పనిచేస్తుంది, ద్రావకాలలో చతికిలపడుతుంది. 1993లో ఆర్నాల్డ్ ప్రకటించిన ఫలితాలలో, ఇలా ఏరగా వచ్చిన ఒక రకం, డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావకం 60 శాతం ఉన్నచోట, మొదటిదానికంటే 256 రెట్లు మెరుగ్గా పనిచేసింది. 2018లో ఆమెకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో సగభాగం లభించింది.

ఈ పద్ధతి కర్మాగారంలో చేసిన గొప్ప పని ఒకటి చెబుతాను. మీ ఇళ్ళలో చక్కెరవ్యాధి ఉన్న పెద్దలు ఉండవచ్చు. వారిలో కొందరు వాడే మందు పేరు సిటాగ్లిప్టిన్. అమెరికాలోని మెర్క్ కంపెనీ దానిని రూపొందించింది. 2006లో అక్కడి ప్రభుత్వ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. 2022లో భారతదేశంలో పేటెంటు గడువు ముగిశాక ఇక్కడి కంపెనీలు కూడా చౌకగా అమ్ముతున్నాయి.

ఈ మందు తయారీలో ఒక చిక్కు ఉంది. మీ చెప్పులు చూసుకోండి. కుడిదీ ఎడమదీ ఒకేలా ఉంటాయి. కాని కుడిచెప్పు ఎడమకాలికి పట్టదు. కొన్ని అణువులు కూడా ఇలాగే కుడి ఎడమ జతలుగా ఉంటాయి. శరీరానికి వాటిలో ఒకటే పనికివస్తుంది. ఆ ఒక్కదానినే తయారుచేయడానికి మొదట రోడియం అనే అతి ఖరీదైన లోహాన్ని ఉత్ప్రేరకంగా వాడారు. వాతావరణ పీడనానికి సుమారు 17 రెట్ల పీడనంతో హైడ్రోజన్ వాయువును పంపవలసివచ్చేది. అందుకు ప్రత్యేకమైన పాత్రలు కావాలి. చివరకు మందులో రోడియం జాడ లేకుండా శుద్ధి చేయాలి. తప్పు జత అణువులు కొన్ని కలిసి వచ్చేవి, వాటినీ ఏరిపారవేయాలి.

ఈ పనికి ట్రాన్స్అమినేజ్ అనే ఎంజైము తగినదని తెలుసు. కాని దానిలోని గూడు చాలా చిన్నది. మందు తయారీకి మూలమైన పెద్ద అణువు అందులో దూరదు. అప్పుడు మెర్క్ కంపెనీవారూ, కాలిఫోర్నియాలోని కొడెక్సిస్ కంపెనీవారూ కలిసి ఒక ఉపాయం చేశారు. పెద్ద అణువులో కొంత భాగం లేని చిన్న అణువును మొదట ఇచ్చి చూశారు. ఎంజైము దానిని కాస్త పట్టుకున్నది. ఆ కాస్తనే ఆధారం చేసుకుని గూడును వెడల్పు చేస్తూ, రైతు విత్తనం ఎంచినట్లు ఎంచుతూ, పదకొండు విడతలు సాగించారు. చివరకు వచ్చిన ఎంజైము మొదటిదానికి 27 చోట్ల భిన్నంగా ఉంది. దాని పనితనం 25,000 రెట్లకు పైగా పెరిగింది. తప్పు జత అణువు జాడ కూడా కనిపించలేదు. రోడియం అక్కరలేకపోయింది, పీడనపు పాత్రలు అక్కరలేకపోయాయి. ఉత్పత్తి 10 నుంచి 13 శాతం పెరిగింది. వ్యర్థ పదార్థాలు 19 శాతం తగ్గాయి. 2010లో ఈ పనికి అమెరికా అధ్యక్షుని పేర ఇచ్చే హరిత రసాయనశాస్త్ర పురస్కారం లభించింది.

వ్యర్థాలు 19 శాతం తగ్గడం ఏమంత గొప్ప అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. వ్యర్థం ఎక్కడికి పోతుందో తెలిస్తే జవాబు తెలుస్తుంది. తెలంగాణలో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి. ఆ కర్మాగారాల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటకు వస్తున్న నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు కనిపించింది. అది శుద్ధి అయిన తరువాతి నీరు! జబ్బు నయం చేసే మందు తయారీ ఒక ఊరి వాగును జబ్బుపడేటట్లు చేయకూడదు కదా. కర్మాగారంలో మిగిలిపోయిన ప్రతి బొట్టూ ఎవరో ఒకరి బావి దగ్గరకే చేరుతుంది. అందుచేత నూరుపాళ్ళలో పంతొమ్మిది తగ్గినా అది లెక్కలోకి వచ్చే మాటే.

అలాగని ఎంజైము వస్తే అన్ని కష్టాలూ తీరుతాయని అనుకోకండి. తగ్గినది 19 పాళ్ళు. 81 పాళ్ళు ఇంకా ఉన్నాయి. ఎంజైము మందు తయారీలో ఒక మెట్టును మాత్రమే మార్చింది. మిగిలిన మెట్లలో మామూలు రసాయనాలే వాడుతున్నారు. చాలా ఎంజైములు ఎక్కువ వేడికి చెడిపోతాయి. ఒక పనికి తీర్చిదిద్దినది మరొక పనికి రాదు. ప్రతి తాళానికీ కొత్తగా చెవి చేసుకోవాలి. అందుకు డబ్బూ, ఓపికా, అన్నిటికంటే ముఖ్యంగా నిజాయితీ కావాలి.

నిజాయితీ అన్నాను కనుక మరొక సంగతి. 2019లో ఆర్నాల్డ్ బృందం ఎంజైములతో బీటా లాక్టమ్‌లు అనే పదార్థాలను తయారుచేసినట్లు ఒక ప్రసిద్ధ పత్రికలో వ్యాసం ప్రకటించింది. తరువాత మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితాలు రాలేదు. ప్రయోగశాల పుస్తకంలో ఉండవలసిన కొన్ని వివరాలు లేవని కూడా తెలిసింది. 2020 జనవరిలో ఆమె ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ సంగతి తానే అందరికీ చెప్పి, తాను తీరిక లేక సరిగా చూసుకోలేదని క్షమాపణ కోరారు. నోబెల్ బహుమతి వచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. బహుమతి అందుకోవడంకంటే ఇది కష్టమైన పని అని నా అభిప్రాయం.

మీరు కూడా ఇంట్లో ఒక ప్రయోగం చేయవచ్చు. పెద్దల సహాయంతో మామూలు రాగిపిండితో చిక్కని జావ కాచి, రెండు గిన్నెలలో పోయండి. వేలు పెట్టగలిగినంత వేడికి చల్లారనివ్వండి. మొలకెత్తిన రాగులను ఎండబెట్టి చేసిన పిండి రెండు చెంచాలు తీసుకోండి. ఒక చెంచా పిండిని కాసిని నీళ్ళలో కలిపి మొదటి గిన్నెలో వేయండి. రెండవ చెంచాను అన్నే నీళ్ళలో కలిపి, బాగా మరిగించి, చల్లార్చి, రెండవ గిన్నెలో వేయండి. రెండింటినీ కలియబెట్టి పావుగంట ఆగండి. ఏ గిన్నెలో జావ పలుచబడిందో, ఎందుకు పలుచబడిందో మీ పుస్తకంలో రాయండి.

మీరు అనుకున్నట్లు జరగకపోతే, జరగలేదనే రాయండి. మరునాడు మళ్ళీ చేయండి.

ప్రశ్నలు

1. కిర్ఖాఫ్ పద్ధతికీ, మన నోటిలో జరిగే చర్యకూ భేదమేమి?
2. తకమినె గోధుమ తవుడును ఎందుకు ఎన్నుకున్నాడు? ఆయన పద్ధతిని ఎవరు, ఎందుకు వ్యతిరేకించారు?
3. రైతు విత్తనాలు ఎంచడానికీ, ఆర్నాల్డ్ ఎంజైములను ఎంచడానికీ గల పోలికను వివరించండి.
4. జావ ప్రయోగంలో రెండవ చెంచా పిండిని మరిగించడం ఎందుకు? అలా చేయకపోతే మనకు ఏ సంగతి తెలియకుండా పోతుంది?
5. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక కర్మాగారంలో మిగిలిన నీరు ఎక్కడికి పోతుందో పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.